డ్యాష్‌బోర్డు గొంతు

సిన్సినాటిలో ఉండే మా బాబాయి దగ్గర 1968 నాటి షెవర్లే కమారో ఒకటుంది. ఆ ఊళ్లోనే ఇమిడిపోయినట్టుండే నార్వుడ్‌లోని కర్మాగారంలో పుట్టిన బండి. ఆ కర్మాగారం 1987లో మూతపడింది. బండి మాత్రం ఆదివారాలు రోడ్డెక్కుతూనే ఉంది. అందులో రేడియో డెల్కో వాళ్లది, పక్క రాష్ట్రం ఇండియానాలోని కొకోమో నుంచి వచ్చింది. ఏఎమ్ ఒక్కటే వస్తుంది.

నేను వెళ్లేసరికి ఆ రేడియో గరగరలాడుతోంది. మాట వస్తోంది గానీ జలుబు చేసిన మనిషి దుప్పటి కప్పుకొని మాట్లాడినట్టుంది. గ్లవ్ బాక్స్ విప్పి, లోపలికి చెయ్యి దూర్చి, నట్లు ఊడదీసి స్పీకర్‌ను బయటికి తీయడానికి మాకు పూటంతా పట్టింది. వెలుతురులోకి తెచ్చి చూస్తే కాగితపు కోన్ అంచు పొడవునా చీలిపోయి ఉంది. వేలితో తాకితే వేయించిన అప్పడంలా పెళుక్కున విరిగింది. దానిది నిజంగా కష్టమైన బతుకు. డ్యాష్‌బోర్డు పైన, ముందు అద్దం కిందే, ఆకాశం వైపు తిరిగి కూర్చుంటుంది. మూసి ఉన్న కారులో ఎండాకాలం వేడి, జల్లెడ కన్నాల్లోంచి సూటిగా పడే ఎండ, చలికాలం తేమ. యాభై ఏళ్లకు పైగా ఓర్చుకుంది పాపం.

కొత్త స్పీకర్‌ను బాబాయి ముందే కొనిపెట్టుకున్నాడు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టాం. రెండూ 4 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల పొడవు. స్క్రూ కన్నాలు కూడా కలిశాయి. బాబాయి మొహం వెలిగింది. నేను కొత్తదాన్ని తిరగేసి చూస్తే అయస్కాంతం మీద 4 ఓమ్‌లు అని ఉంది. పాతదాని మీద 10.

"సైజు సరిపోయింది కదరా, ఇంకేం కావాలి?" అన్నాడు.

"బండికి సరిపోయింది బాబాయ్, రేడియోకి సరిపోలేదు."

పాత కార్ల మీద ప్రేమతో పనిచేసేవాళ్లు చాలామంది తడబడేది ఈ ఒక్క అంకె దగ్గరే. స్పీకర్‌ను మనం ఒక విడి వస్తువుగా చూస్తాం, బల్బు మార్చినట్టు మార్చేయొచ్చనుకుంటాం. నిజానికి అది రేడియోలో చివరి భాగం. రేడియోలోని ఆఖరి ట్రాన్సిస్టర్ ఎంత కరెంటు తోయాలో లెక్క కట్టినవాళ్లు, దాని ఎదుట 10 ఓమ్‌ల స్పీకర్ ఉంటుందని నమ్మి లెక్క కట్టారు. అక్కడ 4 ఓమ్‌లది పెడితే, అదే వోల్టేజీకి రెండున్నర రెట్లు కరెంటు లాగుతుంది. ఆ కాలపు పవర్ ట్రాన్సిస్టర్ జర్మేనియంతో చేసింది. జర్మేనియానికి వేడి పడదు. వేడెక్కేకొద్దీ దాని గుండా లీకయ్యే కరెంటు పెరుగుతుంది, కరెంటు పెరిగేకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. పాతిక డాలర్ల స్పీకర్ కోసం దొరకని ట్రాన్సిస్టర్‌ను కాల్చుకున్నట్టవుతుంది.

కొత్తది వాపసు పంపాం. 10 ఓమ్‌లది వచ్చేదాకా పాతదాన్ని బల్ల మీద పెట్టుకుని విప్పదీస్తూ కూర్చున్నాను.

కోన్ వెనక చిన్న గొట్టానికి సన్నటి రాగి తీగ చుట్టి ఉంటుంది. అదే వాయిస్ కాయిల్. అది అయస్కాంతపు సందులో తేలుతుంది. తీగలో కరెంటు అటూ ఇటూ మారుతుంటే కాయిల్ ముందుకీ వెనక్కీ కదులుతుంది, దాంతోపాటు కోన్ కదిలి గాలిని తోస్తుంది. ఇంతకు మించి అందులో ఏమీ లేదు. ఈ ఊహ పాతదే. 1874లోనే వెర్నర్ సీమెన్స్ అయస్కాంతంలో కదిలే కాయిల్‌కు పేటెంట్ తీసుకున్నాడు. 1898లో ఆలివర్ లాడ్జ్ ఇంగ్లండ్‌లో మరొకటి తీసుకున్నాడు. అయితే బలహీనమైన సంకేతాన్ని పెంచే యాంప్లిఫయర్ అప్పటికి లేదు. గొంతు తయారైంది గానీ ఊపిరి లేదు.

1915లో కాలిఫోర్నియాలో పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిధమ్ ఆ కాయిల్‌కు పెద్ద బాకా తగిలించి మ్యాగ్నవాక్స్ అని పేరు పెట్టారు. మన ఊళ్లలో గుడి మీదా వేప చెట్టుకీ కట్టే మైకుసెట్టు హారన్ ఆ కుటుంబంలోదే. బాకాను వదిలేసి కాగితపు కోన్‌తోనే సరిసమానంగా పలికించవచ్చని చూపినవాళ్లు జనరల్ ఎలక్ట్రిక్‌లోని చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్. అది 1925. వాళ్లు పట్టుకున్న కిటుకు నాకు ఎప్పుడు తలచుకున్నా ముచ్చటేస్తుంది. స్వరం హెచ్చేకొద్దీ కోన్ తక్కువ కదులుతుంది. కానీ హెచ్చు స్వరాన్ని గాలిలోకి పంపడం కోన్‌కు తేలిక. ఈ తగ్గుదలా ఆ పెరుగుదలా ఒకదాన్నొకటి సరిచేసుకునేలా, కోన్ సహజంగా ఊగే వేగాన్ని బాగా కిందికి దించారు. అప్పటినుంచి ఇప్పటిదాకా స్పీకర్ల రూపంలో మౌలికంగా మారింది చాలా తక్కువ.

కారులోకి అది 1930లో గట్టిగా అడుగుపెట్టింది. షికాగోకు చెందిన పాల్ గాల్విన్ తన స్టూడెబేకర్‌లో రేడియో బిగించి, అట్లాంటిక్ సిటీలో రేడియో తయారీదార్ల సభ దాకా నడుపుకుంటూ వెళ్లాడు. ఆ రేడియోకు పెట్టిన పేరే మోటరోలా. వాల్వులకు వందల వోల్టులు కావాలి, బండిలో ఉన్నది 6 వోల్టుల బ్యాటరీ. పైగా చవకగా దొరికే బలమైన శాశ్వత అయస్కాంతం లేదు కాబట్టి స్పీకర్‌లో అయస్కాంతం పనిని కూడా ఒక పెద్ద తీగచుట్టే చేసేది. దానికీ కరెంటు బ్యాటరీ నుంచే. పాట వింటున్నంతసేపూ బ్యాటరీ కరుగుతూ ఉండేది.

ఆ భారం తీర్చింది ఒక లోహం. 1931 ప్రాంతంలో జపాన్‌లో తొకుషిచి మిషిమా ఇనుము, నికెల్, అల్యూమినియం కలిపి గట్టి అయస్కాంతం చేశాడు. దానికి కోబాల్టు చేరి ఆల్నికో అయింది. మేం విప్పిన స్పీకర్ వెనక ఉన్న బొటనవేలంత దిమ్మ అదే. 1970ల చివర్లో కోబాల్టు ఎక్కువగా దొరికే జైర్‌లో అల్లర్లు చెలరేగి ధర ఆకాశానికి అంటింది. స్పీకర్లు చేసేవాళ్లు చాలామంది ఫెరైట్‌కు మళ్లారు. ఫెరైట్ చవక, కానీ అదే బలం కావాలంటే చాలా వెడల్పాటి బిళ్ల కావాలి. ఈ చరిత్ర మాకు డ్యాష్ కింద ఎదురైంది. తర్వాత వచ్చిన 10 ఓమ్‌ల స్పీకర్ బిళ్ల, అద్దం మీది మంచు కరిగించే వేడిగాలి గొట్టానికి రాసుకుంది. గొట్టాన్ని వేలెడు పక్కకు జరపాల్సి వచ్చింది.

ఈ కోలగుడ్డు ఆకారం ఎందుకని బాబాయి అడిగాడు. అద్దానికీ రేడియోకీ మధ్య ఉన్న సందు సన్నం. అందులో 4 అంగుళాల గుండ్రటి కోన్ పెడితే వైశాల్యం పన్నెండున్నర చదరపు అంగుళాలు. 4 బై 10 కోలగా చేస్తే 31 దాటుతుంది. అంటే ఆరుంపావు అంగుళాల గుండ్రటి స్పీకర్‌తో సమానం. తోసే గాలి పెరిగింది, సందు మాత్రం పెరగలేదు. ఏఎమ్ ప్రసారంలో 5,000 హెర్ట్జ్ పైన పెద్దగా ఏమీ ఉండదు కాబట్టి హెచ్చు స్వరాలకు వేరే ట్వీటర్ అక్కర్లేదు. పైకి పోయిన శబ్దం అద్దానికి తగిలి మన చెవుల వైపు తిరుగుతుంది.

బిగించే ముందు ఒకటిన్నర వోల్టు సెల్లు తెచ్చి రెండు తీగలూ అలా తాకించాను. "టిక్" అంది, కోన్ ఉలిక్కిపడినట్టు ముందుకొచ్చింది. కాయిల్ ఎక్కడా రాసుకోవడం లేదని అర్థం. ఏ తీగ ఎటన్నది ఒకే స్పీకర్ ఉన్నచోట పట్టింపు లేదు. రెండున్నప్పుడు ఒకటి తిరగబడితే బరువైన స్వరాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. అదే చావు ఒక్క స్పీకర్‌లోనూ జరుగుతుంది. కోన్ ముందు గాలి నొక్కుకుంటే వెనక గాలి పలచనవుతుంది, అంచు చుట్టూ సందుంటే రెండూ కలిసిపోతాయి. అందుకే అంచు పొడవునా స్పాంజి పట్టీ అంటించాం. పాత డ్యాష్ స్పీకర్ల గొంతు పీలగా ఉందని తిట్టేవాళ్లు ముందు ఆ సందు మూసి చూడాలి.

బాబాయి తాళం చెయ్యి తిప్పబోతే ఆపాను. తీగలు ఇంకా కలపలేదు. స్పీకర్ లేకుండా ఈ రకం రేడియో పెట్టకూడదు. ట్రాన్సిస్టర్ పక్కనే ఇనుప గుండె మీద చుట్టిన తీగచుట్ట ఒకటుంటుంది. దాని కరెంటు ఒక్కసారిగా మారినప్పుడు, శక్తిని తీసుకునే స్పీకర్ లేకపోతే వోల్టేజీ ఎగిరి ట్రాన్సిస్టర్ మీద పడుతుంది. ఆ బండి ఇంజిన్లో స్పార్కు పుట్టించే కాయిల్ చేసేదీ అదే పని.

తీగలు కలిపాం. ట్రాన్సిస్టర్ రేడియో కాబట్టి వాల్వులు వేడెక్కేదాకా ఆగే పని లేదు, వెంటనే హుష్షుమంది. కార్లో పూర్తి ట్రాన్సిస్టర్ రేడియోను 1955లో ఫిల్కో, క్రైస్లర్ కలిసి తెచ్చినప్పుడు దాని ధర 150 డాలర్లు. పదమూడేళ్లకు అది మామూలు షెవర్లేలోకి దిగింది. బాబాయి ముల్లును 700 మీదికి తిప్పాడు. ఆ ఊరి డబ్ల్యూఎల్‌డబ్ల్యూ. 1934 నుంచి 1939 దాకా 5 లక్షల వాట్లతో దేశమంతా వినిపించిన స్టేషన్. రెడ్స్ జట్టు బేస్‌బాల్ ఆట వస్తోంది. వ్యాఖ్యాత గొంతు అద్దంలోంచి వచ్చినట్టే వచ్చింది.

పావుగంటయ్యాక ట్రాన్సిస్టర్ బిగించిన రేకు మీద చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉంది. "కాలట్లేదు కదా?" అన్నాడు బాబాయి, ఆటలోంచి చెవి తియ్యకుండానే.