గొంతు మారగా గిటారు మారిన వైనము

1979వ సంవత్సరపు ఏప్రిలు మాసమున, కొత్త ఆల్బము కొరకు లాస్ ఏంజిలిస్ నగరమున మకాము పెట్టియు పని ముందునకు సాగక విసిగియున్న బ్లాక్ సబ్బత్ బృందమువారు, తాగుడునకును మత్తుమందులకును బానిసయైపోయిన తమ గాయకుడు ఓజీ ఆస్‌బర్న్‌ను సాగనంపిరి. మిగిలినవారును మత్తునకు దూరులేమీ కారు. తాగుబోతుల కొలువులో శిక్ష ఒకనికే పడుట లోకమునకు కొత్తగాదు. ఆ కబురు చెప్పవలసిన భారము ఓజీకి ఆప్తుడైన డ్రమ్ముల వాద్యకుడు బిల్ వార్డుపై పడెను.

హెవీ మెటల్ అను సంగీతశాఖకు ఆద్యులని పేరొందిన ఈ బృందము 1968లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ అను కర్మాగారముల నగరమున పుట్టినది. ఎడమచేతివాటముగల దీని గిటారు విద్వాంసుడు టోనీ అయోమీకి పదునేడేండ్ల వయస్సున, లోహపు రేకులను మలచు కార్ఖానాలో పనిచేయుచుండగా, కుడిచేతి నడిమివేలి కొనయు ఉంగరపువేలి కొనయు యంత్రమునబడి తెగిపోయెను. తంత్రులను అదిమిపట్టవలసినది ఆ చేతనే. అతడు ప్లాస్టిక్ సీసాను కరగించి, వేళ్లకు సరిపడు తొడుగులుగా మలచి, వానిపై పాత తోలుకోటు ముక్కలను అంటించుకొని వాయింప నేర్చెను. నొప్పి తగ్గుటకై సన్నని తంత్రులను వాడెను, కొంతకాలమునకు వానిని శ్రుతి తగ్గించి వదులుగా బిగించెను. మందముగా, బరువుగా, మెల్లగా కదలు ఆ విలక్షణ నాదమునకు ఈ గాయమును ఒక కారణము.

ఆ నాదమే వారి పాటకు యజమాని. మన కచేరీలో గాత్రము ముందు నడువగా ఫిడేలు దానిని అనుసరించును గదా. బ్లాక్ సబ్బత్ పాటలలో తరచుగా దీనికి విపర్యయముగా గిటారు ముందు నడువగా గాత్రము దాని అడుగులలో అడుగులు వేయుచుండెను. ‘రిఫ్’ అని వారు పిలుచుకొను, మరల మరల తిరిగివచ్చు స్వరఖండమును అయోమీ వాయించును. ‘ఐరన్ మ్యాన్’ అను పాటలోవలె ఓజీ ఆ స్వరములనే అక్షరములతో పలుకును. ఓజీది విద్వత్తుగల గొంతు కాదు; కాని అందలి దైన్యము వేరెవ్వరికిని పట్టువడదు.

అట్టిచోటికి వచ్చినవాడు రానీ జేమ్స్ డియో. ఇటలీ సంతతికి చెందిన ఈ అమెరికా గాయకుడు అప్పుడే రెయిన్‌బో అను బృందమును వీడియుండెను. బాల్యమున ట్రంపెట్టు మొదలగు ఊదు వాద్యములను అభ్యసించుటచేతనే తనకు ఊపిరి నిలుపు నేర్పు అలవడెనని అతడు చెప్పుకొనెడివాడు. అయోమీ అసంపూర్ణముగా విడిచియుంచిన ఒక బాణీని వినిపింపగా డియో అచ్చటనే సాహిత్యమును కూర్చెను. అదియే ‘చిల్డ్రన్ ఆఫ్ ది సీ’. డియో రిఫ్‌ను అనుసరింపడు. దానికి అడ్డముగా, దానిపైగా, తన దారిని తాను పాడును. కావున గిటారు గొంతునకు చోటు విడువవలసివచ్చెను. ‘హెవెన్ అండ్ హెల్’ అను పాటను వినుడు: ఆరంభమున రిఫ్ ఘనముగా మ్రోగి, గాయకుడు చరణము నందుకొనినంతనే వెనుకకు తగ్గును, బేసును డ్రమ్ములును మాత్రమే ఆ గొంతును మోయుచుండును. గాయకుని మార్చుటయనగా ఒక మనిషి స్థానమున మరియొక మనిషిని నిలుపుటయే యని తలచువారికి ఈ ఒక్క పాట చాలిన సమాధానము. ఇదివరలో ఎక్కువగా బేసు వాద్యకుడు గీజర్ బట్లరు వ్రాయుచుండిన సాహిత్యము సయితము డియో చేతికి వచ్చెను. బట్లరు స్వంత చిక్కులచే కొంతకాలము దూరమై, రికార్డింగు నాటికి తిరిగివచ్చెను.

మయామీలోను పారిస్‌లోను రికార్డు చేయబడి, ‘హెవెన్ అండ్ హెల్’ అనియే పేరు పెట్టబడిన ఆ ఆల్బము 1980 ఏప్రిలున వెలువడి బ్రిటనులో 9వ స్థానమునకు చేరెను. దాని నిర్మాత మార్టిన్ బర్చి. విచిత్రమేమనగా, రెండేండ్ల పిమ్మట ఐరన్ మెయిడెన్ బృందము బ్రూస్ డికిన్సన్ అను కొత్త గాయకునితో ‘ది నంబర్ ఆఫ్ ది బీస్ట్’ చేసినపుడు నిర్మాతగా కూర్చున్నవాడును ఇతడే. అదే పేరుగల పాటలోని తొలి పంక్తులనే గంటల తరబడి పాడించి బర్చి తనను వేపుకొనితినెననియు, డియోకును లోగడ ఇదే అవస్థ పట్టెనని ఓదార్చెననియు డికిన్సన్ తరువాత చెప్పెను. ఆ విసుగు ఆ పాటయందలి పెనుకేకలో వినవచ్చునని నా యనుమానము. ఆ ఆల్బము బ్రిటనులో ప్రథమస్థానము నందెను.

రికార్డు సిద్ధమగుట ఒక యెత్తు, ఓజీ అభిమానుల యెదుట నిలుచుట మరియొక యెత్తు. ఓజీ వేదికపై రెండు వ్రేళ్లెత్తి శాంతిచిహ్నమును చూపెడివాడు. దానిని అనుకరించుట డియోకు ఇష్టము లేకపోయెను. దిష్టి తగులకుండ అతని ఇటాలియను అవ్వ పట్టెడి ముద్ర ఒకటి అతనికి జ్ఞాపకముండెను: చూపుడువ్రేలును చిటికెనవ్రేలును నిలిపి, నడిమివానిని మడచుట. దానినే వేదికపై పట్టెను. జనము తిరిగి పట్టిరి.