వీపున మోసిన వాకీటాకీ

అరచేత ఇమిడే రేడియోను నేడు మనం వాకీటాకీ అంటున్నాము. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆ పేరు సైనికుడు వీపున మోసిన ఎస్.సి.ఆర్.-300ది, చేత పట్టుకొనే ఎస్.సి.ఆర్.-536 హ్యాండీటాకీ. రెండింటినీ రూపొందించినది షికాగోలోని గాల్విన్ సంస్థ. 1947లో అదే మోటరోలాగా పేరు మార్చుకొన్నది.

536లో ఐదు వాల్వులు. బరువు సుమారు 2.3 కిలోలు. దానికి వేరే స్విచ్చి లేదు. ఏరియల్‌ను పైకి లాగితే రేడియో మేల్కొనేది, లోపలికి నెట్టితే ఆగేది. పోరు నడుమ స్విచ్చి ఆపడం మరచినా బ్యాటరీ అడుగంటకుండా చేసిన ఈ ఉపాయమే నాకు అన్నిటికన్నా ముచ్చట. కాని అది ఏ.ఎం. పద్ధతి, గరగర ధ్వనులలో మాట మునిగేది.

300కు డేనియల్ నోబుల్ ఎఫ్.ఎం.ను ఎన్నుకొన్నాడు. మాట తేటపడినది, వాల్వులు పద్దెనిమిదైనాయి, బరువు సుమారు 15 కిలోలకు పెరిగినది. అందులో గణనీయమైన పాలు బ్యాటరీదే. వాల్వులకు 150 వోల్టులు కావాలి. జింకు-కార్బను ఘటం ఇచ్చేది ఒకటిన్నర. నూరు ఘటాలు వరుసగా పేర్చవలసివచ్చినది.