ఇంగ్లిష్ పద్యానికి తాళం ఎక్కడ పడుతుంది?

నస్పూర్‌లో నా దగ్గరికి ట్యూషన్‌కు వచ్చే డిగ్రీ పిల్లల్లో చాలామంది సింగరేణి కార్మికుల బిడ్డలే. ఇంగ్లిష్ పోయెమ్ అనగానే గైడ్ తెరిచి సారాంశం బట్టీ పడతారు. పైకి చదవమంటే అన్ని అక్షరాలనూ ఒకే బరువుతో లాగించేస్తారు. పద్యం నడక చచ్చిపోయేది అక్కడే.

తప్పు వాళ్లది కాదు. మన చెవి అలవాటు వేరు. తెలుగు ఛందస్సు అక్షరాన్ని పలికే కాలాన్ని కొలుస్తుంది. పొట్టిదైతే లఘువు, సాగితే గురువు. ఇంగ్లిష్ ఛందస్సు చూసేది ఊనికను, అంటే ఏ అక్షరాన్ని ఒత్తి పలుకుతామన్నదాన్ని. 'రికార్డ్' మాటనే చూడండి. మొదట్లో ఒత్తితే నామవాచకం, చివర ఒత్తితే క్రియ.

పిల్లల కోసం ఒక వరుస నేనే అల్లాను: 'ద మెన్ గో డౌన్ టు డిగ్ ద కోల్ ఎట్ నైట్'. బల్ల మీద వేలితో కొడుతూ చదవండి. మెన్, డౌన్, డిగ్, కోల్, నైట్... దెబ్బ ఐదుసార్లే పడుతుంది. మన లెక్కలో అయితే 'గో', 'ఎట్' కూడా గురువులే. ఇంగ్లిష్ వాటిని తేలిగ్గా వదిలేస్తుంది. తేలిక తర్వాత బరువు వచ్చే ఈ జంట పేరు అయాంబ్. అలాంటివి ఐదుంటే పెంటామీటర్. షేక్‌స్పియర్ సానెట్లు దాదాపు అన్నీ ఈ నడకే. అన్నట్టు, మనకు పాదమంటే మొత్తం వరుస. వాళ్ల 'ఫుట్' మాత్రం మన గణం లాంటిది. ఈ పేరు దగ్గరే సగం మంది తికమక పడతారు.

ఇంకో తేడా ఉంది. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలూ వాటి చోట్లలోనే ఉండాలి. ఇంగ్లిష్ కవి అలా కాదు, కావాలనే నడక తప్పిస్తాడు. వరుస మొదట్లోనే బరువు పెట్టి ఉలిక్కిపడేలా చేస్తాడు.

ఇదంతా వినడానికి మా పిల్లలకు నేనిచ్చే పద్యం విల్‌ఫ్రెడ్ ఓవెన్ రాసిన 'మైనర్స్'. 1918 జనవరి 12న ఇంగ్లండ్‌లోని మిన్నీ పిట్ అనే బొగ్గుబాయిలో పేలుడు జరిగి 150 మందికి పైగా చనిపోయారు. పద్యం అదే నెలలో 'ది నేషన్' పత్రికలో అచ్చయింది. బొగ్గు దగ్గర మొదలై యుద్ధంలో పోయిన సైనికుల దాకా వెళ్తుంది. బాయి మాట వినగానే మా పిల్లలు గైడ్ పక్కన పెట్టేశారు.

అందులో ప్రాస కూడా వింతే. హల్లులు నిలబడతాయి, అచ్చు మారుతుంది, 'హాల్', 'హెల్' లాగా. చోటు వేరైనా మన ప్రాసలోనూ హల్లు కలిస్తే చాలు, అచ్చు మారొచ్చు. ఇది మాత్రం మనవాళ్ల చెవికి వెంటనే అందుతుంది.

చదివేటప్పుడు పొడుగు వరుసకు నాలుగు దెబ్బలు, పొట్టి వరుసకు రెండు అనుకుని మొదలుపెట్టండి. కొన్నిచోట్ల లెక్క తప్పుతుంది. అక్కడ వేలు ఆపి, ఆ మాట మళ్లీ చదవండి.