అతిథిగా వచ్చిన అమానతు



1991లో స్థాపితమైన పాలస్తీనా చిల్డ్రన్స్ రిలీఫ్ ఫండ్ గాజాలో గాయపడిన పిల్లలను ఉచిత చికిత్సకై అమెరికా వంటి దేశాలకు చేర్చింది. తల్లిదండ్రులకు దూరమై వచ్చిన బిడ్డకు అక్కడి కుటుంబాలే నీడ.

ఆతిథ్యం మూడు దినాలని, ఆపై చేసేది సదఖా అని దైవప్రవక్త (స) బోధించారు. కాలు కోల్పోయిన బిడ్డకు మూడు దినాలు చాలవు. ఎముక పెరిగితే మళ్లీ శస్త్రచికిత్స, ఒళ్లు ఎదిగితే కొత్త కృత్రిమ కాలు అవసరం కావచ్చు. నెలలు గడుస్తాయి.

ఆ బిడ్డ మనం పెట్టిన అన్నం ముట్టకుంటే నొచ్చుకోరాదు. ఫిరౌను ఇంట పసివాడైన మూసా (అలైహిస్సలాం) ఏ దాది పాలూ ముట్టలేదు. తల్లి కనులు చల్లబడేందుకు అల్లాహ్ ఆయనను ఆమె ఒడికే చేర్చాడని ఖసస్ సూరా తెలుపుతోంది. రాజగృహంలో కొరతపడింది తల్లి ఒక్కతే.

కనుక గాయం సంగతి గుచ్చి అడగరాదు, వచ్చినవారికి చూపరాదు. వీలైనప్పుడెల్లా ఫోనులో కన్నవారి గొంతు వినిపించాలి. తల్లి లేని బిడ్డకు బంధువుల గొంతైనా వినిపించాలి. అమానతును హక్కుదారులకు అప్పగించమన్నది అల్లాహ్ ఆజ్ఞ. మన ఊరి ఆసుపత్రికి ఒంటరిగా వచ్చిన బిడ్డ విషయంలోనూ మన బాధ్యత ఇదే.

అల్లాహ్ ఆ పిల్లలను స్వస్థపరచి తమవారి చెంతకు చేర్చుగాక! ఆమీన్.