పులికాట్ పొగమంచుకు నలుపు తెలుపుల రూపం

గూడూరు: ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గి ధనుర్మాసపు చలి మొదలయ్యే నాటికి పులికాట్ సరస్సు నిండుకుంటుంది. వేసవిలో ఉత్తర భాగం చాలావరకు ఎండిపోయే ఈ సరస్సును నిండుగా చూడాలంటే ఇదే తరుణం. దేశంలో చిలికా తరువాత పెద్దదైన ఉప్పునీటి సరస్సు ఇది. గూడూరుకు దక్షిణాన సుమారు 55 కిలోమీటర్ల దూరంలోని సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రహదారి సరస్సు మీదుగానే సాగుతుంది. తెల్లవారుజామున పొగమంచు కమ్మితే ఇక్కడ నీటికీ నింగికీ హద్దు కనిపించదు. ఈ దృశ్యాన్ని నలుపు తెలుపుల్లో చిత్రించడానికి షట్టరును ఎక్కువసేపు తెరిచి ఉంచే పద్ధతి చక్కగా సరిపోతుంది. అయితే అందులో ఒక చిక్కు కూడా ఉన్నది.

ముప్పై సెకన్ల చిత్రం

ఆకాశం నిర్మలంగా ఉండి గాలి స్తంభించిన రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. గాలిలోని తేమ సన్నని నీటి బిందువులుగా మారి పొగమంచు ఏర్పడుతుంది. ఎండ ఎక్కితే కరిగిపోతుంది. కనుక వెలుగు రాకముందే చోటు చూసుకుని కెమెరాను మూడుకాళ్ల స్టాండుపై నిలపాలి. ఒడ్డున బురద ఉంటుంది కాబట్టి స్టాండు కాళ్ల కింద చెక్కపలకలు వేయడం మేలు.

మంచులో ఆటోఫోకస్ తడబడుతుంది. పడవ అంచు వంటి ముదురు గీతపై చేతితో ఫోకస్ కుదిర్చి, ఆ తరువాతే ‘ఎన్‌డీ’ ఫిల్టరు బిగించాలి. వెయ్యో వంతు కాంతిని మాత్రమే లోపలికి పంపే ఫిల్టరు వాడితే, సెకనులో ముప్పయ్యో వంతు సరిపోయే చోట సుమారు 30 సెకన్లు పడుతుంది. తెల్లని మంచును కెమెరా మీటరు బూడిద రంగుగా లెక్కిస్తుంది. అందుచేత ఒక స్టాపు అదనంగా ఇవ్వాలి. ఫిల్ము వాడేవారు ఇంకొంత సమయం కలపాలి. దీర్ఘ సమయంలో ఫిల్ము కాంతిని గ్రహించే శక్తి తగ్గడమే ఇందుకు కారణం. కటకంపై చేరే తేమను తుడిచేందుకు మెత్తని పొడి గుడ్డ దగ్గర ఉండాలి.

కదిలితే మాయం

1838లో పారిస్‌లో డాగ్యుర్ రద్దీగా ఉన్న ఒక వీధిని చిత్రించారు. కాంతి సోకడానికి కొన్ని నిమిషాలు పట్టడంతో కదిలిన బండ్లు, మనుషులు చిత్రంలో నిలవలేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలక నిలుచున్న ఒక వ్యక్తి మాత్రం మిగిలాడు.

పులికాట్‌లోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. అలలు చదునై నీరు పాలలా కనిపిస్తుంది. నీటిలో పాతిన కర్రలు, కట్టి ఉంచిన పడవలు స్పష్టంగా నిలుస్తాయి. గెడ వేసుకుంటూ వేటకు పోయే మత్స్యకారుడు మాత్రం మాయమవుతాడు. మేత మేస్తూ కదిలే ఫ్లెమింగోల గుంపు లేత మరకగా మారుతుంది. చిత్రం చూసినవారికి సరస్సు నిర్మానుష్యంగా తోస్తుంది. వాస్తవానికి ఎందరికో అది పని వేళ. చిత్రం ఎంత అందంగా ఉన్నా, ఆ సరస్సుపై బతికేవారు అందులో లేకుండా పోతారు.

దీనికి పరిష్కారం సులభమే. స్టాండు కదపకుండా ఫిల్టరు తీసి, అదే చోటి నుంచి తక్కువ సమయంతో మరో చిత్రం తీయాలి. రెండింటినీ పక్కపక్కన ఉంచితే నీటి నిశ్చలత ఒకదానిలో, మనుషుల శ్రమ మరొకదానిలో కనిపిస్తాయి. చిత్రం కోసం పడవలను ఆపమని కోరడం, పక్షులను అదిలించడం తగదు. మంచులో వాహనాలకు ఎదురు కనిపించదు కాబట్టి రహదారిపై స్టాండు పెట్టరాదు. తడ మండలం భీములవారిపాళెం పడవల రేవు వంటి చోట్ల ఒడ్డు నుంచే చిత్రాలు తీసుకోవచ్చు.

మంచు కరిగాక వేట ముగించిన పడవలు ఒడ్డు చేరతాయి. చిత్రంలో కనిపించకుండా పోయినవారిని పలకరించడానికైనా అంతవరకు ఆగడం మంచిది.