ఎల్లా షెపర్డు

అమెరికా సంయుక్తరాష్ట్రములలో దక్షిణమున టెనెస్సీ యను రాష్ట్రము కలదు. దానికి రాజధాని నాష్‌విల్లు. ఆ పట్టణము నానుకొని కంబర్లండు నది ప్రవహించుచున్నది. నూట డెబ్బది యేండ్ల క్రిందట నొకనాడు సారా యను నల్లజాతి బానిసస్త్రీ తన పసికూతును చంక నెత్తుకొని ఆ నదివైపు పరుగెత్తెను. బిడ్డతో గూడ నీటబడి ప్రాణములు విడువవలె నని యామె తలంపు. అంతటి తెగింపునకు కారణ మేమనగా, ముద్దుమాటలు మాటాడు ఆ పిల్లను యజమానురాలు చేరదీసి, తల్లి చేయుపనులను, చెప్పుమాటలను తనకు వచ్చి చెప్పుట కలవాటు చేయుచుండెను. కన్నకూతురే తనపై వేగుకత్తె యగుచున్నదని తెలిసిన నాడు ఆ తల్లి గుండె పగిలినది.

దారిలో ఒక ముదుసలి బానిసస్త్రీ యడ్డుపడి, “ఈ బిడ్డతో దేవునికి పని యున్నది. ఇది ఒకనాడు రాజుల యెదుట, రాణుల యెదుట నిలుచును” అని నచ్చజెప్పి సారాను వెనుకకు మరల్చెనని ఆ కుటుంబమువారు చెప్పుకొనెడివారు. ఆ బిడ్డయే ఎల్లా షెపర్డు. ఆమె 1851వ సంవత్సరమున జన్మించెను.

ఆ కాలపు చట్టము ప్రకారము బానిసస్త్రీకి పుట్టిన బిడ్డయు బానిసయే. తండ్రి స్వతంత్రుడైనను ఫలము లేదు. ఎల్లా తండ్రి సైమను కష్టపడి ధనము కూడబెట్టి, 1800 డాలర్లు చెల్లించి తన్ను తాను కొనుక్కొన్నవాడు. మనుష్యుడు తన దేహమునకు తానే వెల కట్టి కొనుక్కొనుట యనగా నేటి బాలబాలికలకు వింతగా తోచును. సైమను 350 డాలర్లిచ్చి కూతును విడిపించుకొనెను. భార్యను గూడ అమ్మెదనని చెప్పిన యజమానురాలు మాత్రము తరువాత మాట తప్పెను. సారాను మిసిసిపీ రాష్ట్రమునకు గొనిపోయిరి. తల్లియు బిడ్డయు వేరైరి.

తరువాత తండ్రి అప్పులపాలయ్యెను. అప్పులవారు భార్యాబిడ్డలను గూడ ఆస్తిగా నెంచి జప్తు చేయుదు రేమోయను భయముతో అతడు కుటుంబసహితముగా ఒహాయో రాష్ట్రమందలి సిన్సినాటి నగరమునకు పారిపోయెను. అచ్చట బానిసత్వము లేదు. కూతునకు పియానోపై గల మక్కువ జూచి తండ్రి యొక పియానో కొనిపెట్టెను. కాని 1866లో కలరావ్యాధి సోకి యాతడు మరణించెను. ఋణముల క్రింద ఇల్లు, పియానో యన్నియు పోయినవి. పదునైదేండ్ల పిల్లకు మిగిలినది సంగీతముపై నాస మాత్రమే.

ఒక తెల్లజాతి సంగీతోపాధ్యాయుడు ఆమెకు నేర్పుట కంగీకరించెను. కాని యొక నియమము పెట్టెను: సంగతి యెవ్వరికిని తెలియరాదు. ఎల్లా రాత్రివేళ పెరటిదారిన వచ్చి, మేడమీది గదిలో తెరలు దించిన పిమ్మట పాఠము చెప్పించుకొని, వచ్చినదారినే పోవలసియుండెను. ఈ యవమానమును దిగమ్రింగి ఆమె పండ్రెండు పాఠములు నేర్చుకొనెను. ఆ గురువు విద్య నిచ్చుటలో ఉదారుడే. లోకమునకు వెరచుటలో మాత్రము పిరికివాడు.

ఇంతలో అంతర్యుద్ధము ముగిసి, 1865లో అమెరికా యంతటను బానిసత్వము రద్దయినది. దాదాపు 40 లక్షలమంది దాస్యవిముక్తులైరి. వారికి చదువు చెప్పుటకై 1866లో నాష్‌విల్లునందు సైన్యము విడిచిన పాత చెక్కకొట్టములలో ఫిస్కు పాఠశాల వెలసినది. బానిసలకు వేసిన సంకెళ్ళ తుప్పుముక్కల నేరి, పాతయినుము క్రింద నమ్మి, ఆ డబ్బుతో అక్షరాభ్యాసపు పుస్తకములు కొనిరట! ఎల్లా ఒక పల్లెబడిలో అయిదు నెలలు పంతులమ్మగా పనిచేసి మిగుల్చుకొన్న ఆరు డాలర్లతో 1868లో ఆ పాఠశాలలో చేరినది. ఆరు డాలర్లు మూడువారముల భోజనమునకు సరిపోవును. కావున ఆమె విద్యార్థినిగా నుండుచునే పిల్లలకు సంగీతము చెప్పి పొట్ట పోసికొనెను. కొలదికాలములోనే ఫిస్కులో సంగీతోపాధ్యాయిని యయ్యెను. అచ్చటి బోధకవర్గమున చేరిన మొదటి నల్లజాతి వ్యక్తి యామెయే.

పాఠశాల పేదరికముచే మూతపడు స్థితి వచ్చెను. కోశాధికారియు సంగీతశిక్షకుడునగు జార్జి వైటు ఒక యుపాయము పన్నెను. తొమ్మిదిమంది పాటగాండ్రను వెంటబెట్టుకొని 1871 అక్టోబరు 6వ తేదీన ఆయన బయలుదేరెను. ఎల్లా వారిలో ఉపనాయకురాలు. గాత్రసాధన చేయించునదియు, పియానో వాయించునదియు ఆమెయే. తొలుత వారు తెల్లవారి పాటలే పాడిరి. జనము మెచ్చలేదు, చందాలు రాలలేదు, పూటకూళ్ళ యిండ్లవారు చోటీయలేదు. ఆ దినములలోనే చికాగో నగరము అగ్నికి ఆహుతికాగా, ఈ నిరుపేదలు తమ కచ్చేరికి వచ్చిన కొద్దిపాటి సొమ్మును ఆ బాధితులకు పంపివేసిరి.

ఇక్కడ ఒక సంగతి వివరింపవలసియున్నది. బానిసలు ప్రత్తిచేలలో, రాత్రి ప్రార్థనలలో పాడుకొన్న భక్తిగీతములు కొన్ని కలవు. వానికి కర్త యెవరో తెలియదు; వ్రాతయు లేదు. ఒకరు చరణ మెత్తుకొన, తక్కినవారు పల్లవి యందుకొందురు. మన పల్లెలలో నాట్లువేయు స్త్రీల పాటలు గుర్తునకు వచ్చును. వానిలో యొర్దాను నది దాటుట, ఐగుప్తు విడిచిపోవుట మొదలగు బైబిలు కథ లుండును. పైకి మోక్షమును గూర్చిన మాట. లోపల స్వేచ్ఛను గూర్చిన మాట. ఈ పాటలను పరుల యెదుట పాడుటకు ఎల్లా బృందమువారు మొదట సమ్మతింపలేదు. అవి తల్లిదండ్రుల కన్నీళ్ళు. సభలో వినోదమునకు పెట్టుట యెట్లు? తలుపులు మూసి, గొంతు తగ్గించి, వైటునకు మాత్రము వినిపించెడివారు. ఎల్లా ఒక్కొక్క పాటను జ్ఞాపకము చేసికొని స్వరలిపిలో వ్రాసిపెట్టెను. నోటనే నిలిచిన సంగీతము కాగితముపై నిలుచుట కామె శ్రమ ముఖ్యకారణము.

ఆ నవంబరులో ఒబర్లిన్ పట్టణమున క్రైస్తవ బోధకుల మహాసభ జరుగుచుండగా వారు ఆ పాటల నెత్తుకొనిరి. సభ నిశ్శబ్దమయ్యెను. అప్పటినుండి వారి దశ తిరిగినది. బృందమునకు వైటు ‘జూబిలీ గాయకులు’ అని పేరు పెట్టెను. లేవీయకాండమున ఏబదియవ యేట బానిసలను విడువవలయునని యున్నది. తెలుగు బైబిలు దానిని ‘సునాద సంవత్సరము’ అన్నది. పాటగాండ్రకు ఇంతకన్న తగిన పేరు దొరకదు.

1872లో వారు అమెరికా రాష్ట్రపతి గ్రాంటు నెదుట పాడిరి. 1873లో విక్టోరియా రాణి యెదుట పాడిరి. ముసలమ్మ పలికిన మాట నిజమైనది. 1878 నాటికి వారు ఆర్జించిన సొమ్ము దాదాపు లక్షన్నర డాలర్లు. ఆ ధనముతో లేచిన జూబిలీ భవనమునకు 1876 జనవరి 1న ప్రవేశోత్సవము జరిగెను. అయితే యేడేండ్ల తిరుగుడులో గాయకుల ఆరోగ్యములు చెడినవి. ఎల్లా యెన్నోమార్లు మంచమెక్కెను. కీర్తి యంతయు సుఖముగా వచ్చినదని తలచుట పొరపాటు.

తన సంపాదనలో ఎల్లా యెన్నడును మరువని పని యొకటి. యుద్ధానంతరము తల్లి జాడ తెలిసికొని, ఆమెను నాష్‌విల్లునకు తెచ్చి, ఇల్లు ఏర్పరచి దగ్గర నుంచుకొనెను. కూతును నదిలో పడవేయబోయిన తల్లి ఆ కూతురి నీడనే బ్రదికినది.

1882లో ఎల్లా జార్జి మూరు అను క్రైస్తవ బోధకుని వివాహమాడెను. బిడ్డలను కని పెంచుచు, భర్తతో గూడి పేద నల్లజాతి కుటుంబములలో విద్యను, మద్యనిషేధమును ప్రచారము చేసెను. చివరి సంవత్సరములలో ఫిస్కు విద్యార్థుల జూబిలీ బృందములకు మరల పాట నేర్పెను. 1914 జూన్ 9వ తేదీన పరమపదించెను.

ఫిస్కులో నేటికిని అక్టోబరు 6వ తేదీని జూబిలీ దినముగా జరుపుకొందురు. ఆనాడు విద్యార్థులు నాష్‌విల్లు శ్మశానవాటికలకు పోయి, తొలి గాయకుల సమాధులచెంత నిలిచి ఆ పాత పాటలను పాడుదురు. ఎల్లా సమాధి వానిలో నొకటి.