పసుపంటిన చేతులు

పసుపు కల్లాల మీదికొచ్చే రోజుల్ల మన ఆర్మూర్‌ల ఎవరి చేయి చూసినా పచ్చగనే ఉంటది గద బిడ్డా! పండించిన రైతుది, బస్తా మోసిన హమాలీది, కొమ్ము విరిచి చూసిన వ్యాపారిది, అన్నీ ఒకటే రంగు. ఆ రంగును బట్టి రైతెవరో చెప్పగల్గుతవా? టీబీ పరీక్షల గూడ ఇదే చిక్కున్నది.

గళ్లను గాజుపలక మీద పూసి, ఎర్ర రంగు పోసి, వేడి చేస్తరు. తర్వాత ఆమ్లంతో కడుగుతరు. మిగతా సూక్ష్మజీవుల రంగు పోతది, టీబీ క్రిమిది పోదు. దాని ఒంటికి మైనం లాంటి పూత ఉంటది, పట్టిన రంగును అది విడువదు. రాబర్ట్ కాక్ ఈ క్రిమిని లోకానికి చూపిన 1882లనే పాల్ ఎర్లిక్ ఈ గుణం కనిపెట్టిండు.

అయితే ఆ మైనం పూత టీబీ క్రిమి దాయాదులకు గూడ ఉన్నది. అవి మట్టిల, నీళ్లల్ల, కుళాయి గొట్టాల లోపలి జిగట పొరల బతుకుతయి. వాటిని ఎన్‌టీఎం అంటరు. 1950ల మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానటోరియం వైద్యులు పల్లెల్ల, టీబీ రాకుండ ఇచ్చే బీసీజీ టీకాను పరీక్షించిన్రు. ఆశించినంత రక్షణ దొరకలే. అక్కడి జనానికి ఈ దాయాదులతోని ముందే పరిచయం ఉండుడు ఒక కారణం కావచ్చని పరిశోధకులు తర్వాత అనుకున్నరు.

వీటిల్ల గోర్డోనే అనేది మరీ మెతకది. ల్యాబుల పెంచితే, చీకట్ల పెట్టినా సరే, మన పసుపు లెక్కనే రంగు తేలుతది! గళ్లల కనబడితే చాలాసార్లు అది నీళ్ల నుంచి చేరిందే, జబ్బు కాదు.

మరి జబ్బని ఎట్ల తేలుస్తరు? పలక మీద ఎర్రగ కనబడ్డా, సీబీనాట్ అనే టీబీ జన్యు పరీక్షల టీబీ లేదని వస్తే అనుమానం దాయాదుల మీదికి మళ్లుతది. అప్పుడు మూడు సంగతులు కలువాలె. దగ్గు, నీరసం, బరువు తగ్గుడు లాంటి బాధ ఉండాలె. స్కాన్‌ల ఊపిరితిత్తుల మీద గుర్తులు ఉండాలె. కనీసం రెండుసార్లు వేర్వేరుగ తీసిన గళ్లల అదే క్రిమి పెరగాలె. వేరే జబ్బేదీ కాదని గూడ చూసుకోవాలె. క్రిమి పెరగనీకి వారాలు పడుతది. ఉడికిన పసుపును ఎండకముందే బస్తాకెత్తం గద, ఇదీ అంతే. తొందరపడితే నష్టం పెద్దది: దాయాదుల జబ్బుకు మామూలుగ కనీసం మూడు మందులు కలిపి, ఏడాదికి పైననే వాడాలె.

రెండు వారాలు దగ్గు తగ్గకపోతే మాత్రం టీబీ పరీక్షకు ఆలస్యం చేయొద్దు. డాక్టరు ఇంకో డబ్బా ఇచ్చి మళ్ల గళ్ల తెమ్మంటే విసుక్కోవద్దు. మొదటి డబ్బా చేయి పచ్చగున్నదని చెప్పింది. అది ఎవరి చేయో తేల్చనీకే ఈ రెండో డబ్బా.